బస్సు తగలబడితేనే ప్రభుత్వం దిగొస్తుందా?

మీరు అడిగింది ఇది: "టెంట్ వేసుకుని శాంతియుతంగా కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు, నాలుగు అద్దాలు పగిలితేనే సర్కారు దిగొస్తుంది అని మా కాలేజీలో అందరూ అంటున్నారు. నిజమేనా? అలా చేస్తే జనం మన వెంట ఉంటారా?"

నేను జిల్లా విలేకరిగా మొదలుపెట్టి, తర్వాత చాలాకాలం డెస్క్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇటీవలి ఉద్యమాలు కళ్లారా చూశాను, పాతవాటి గురించి పెద్దల దగ్గర విన్నాను, ఫైళ్లలో చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోకపోతే మిగతాది చదివి తిట్టండి. హింస జరిగితే ప్రభుత్వం కదులుతుంది. అందులో అనుమానం లేదు. కానీ ఎటు కదులుతుందన్నది ఆ హింస చేతుల్లో ఉండదు. అది అప్పటికే జనంలో ఉన్న అభిప్రాయం మీద, అధికారంలో ఉన్నవాళ్ల లెక్కల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ వాదన చేసేవాళ్లు మొదట ఎత్తేది 1952 కాబట్టి అక్కడి నుంచే వద్దాం. పొట్టి శ్రీరాములు అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. తెల్లారేసరికి ఆంధ్ర జిల్లాలు అంటుకున్నాయి. రైళ్లు ఆగిపోయాయి, స్టేషన్లు ధ్వంసమయ్యాయి, పలుచోట్ల పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబర్ 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని ప్రకటించారు. "చూశారా, దీక్షకు కరగనివాడు నాలుగు రోజుల అల్లర్లకు దిగొచ్చాడు" అంటారు.

ఆ నాలుగు రోజులకు ముందు ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి కలిసి కూర్చున్న జేవీపీ కమిటీ 1949లోనే మద్రాసు నగరం మీద పట్టు వదిలితే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చని చెప్పింది. 1951లో స్వామి సీతారాం దీక్ష చేశారు. 1952 మొదటి ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ చావుదెబ్బ తింది, కమ్యూనిస్టులు పుంజుకున్నారు. అంటే రాష్ట్రం ఇవ్వాలా వద్దా అన్నది అప్పటికే దాదాపు తేలిపోయింది. ఎప్పుడన్నదే మిగిలింది. ఆ "ఎప్పుడు"ను శ్రీరాములు మరణం, దాని వెనక వచ్చిన ఆగ్రహం ముందుకు జరిపాయి. ఇంకో సంగతి చూడండి. శ్రీరాములు అడిగింది మద్రాసుతో కూడిన ఆంధ్ర. నెహ్రూ ఇచ్చింది మద్రాసు లేని ఆంధ్ర, వివాదం లేని తెలుగు జిల్లాలు మాత్రమే. అన్నేసి స్టేషన్లు ధ్వంసమైనా మద్రాసు విషయంలో ఢిల్లీ అంగుళం కదల్లేదు. అక్కడ అవతల తమిళుల అభిప్రాయం ఉంది, మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఉన్నారు.

అదే అల్లర్లతోనే పని అయ్యేదైతే 1969లో తెలంగాణ వచ్చేయాలి. ఆ ఉద్యమం పాల్వంచ, కొత్తగూడెం వైపు ఉద్యోగాల రక్షణల గొడవగా రాజుకుని తెలంగాణ అంతా పాకింది. నెలల తరబడి నడిచింది. అమరుల సంఖ్య 369 అని ఉద్యమకారులు చెబుతారు, ఎక్కువమంది పోయింది పోలీసు కాల్పుల్లోనే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 14 సీట్లలో 10 గెలిచింది. జనం ఇంతకంటే స్పష్టంగా ఎలా చెబుతారు? అయినా రాలేదు. అదే ఎన్నికల్లో ఇందిరాగాంధీకి దేశమంతా కలిపి 352 సీట్లు వచ్చాయి. ఆ పది సీట్ల అవసరం ఆమెకు లేదు. ప్రజాసమితి నేత చెన్నారెడ్డి తన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు, బ్రహ్మానందరెడ్డి స్థానంలో పీవీ ముఖ్యమంత్రి అయ్యారు, కథ అక్కడికి ముగిసింది.

ఆ మరుసటి ఏడాదే అటువైపు అంటుకుంది. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగానే ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో పీవీ రాజీనామా, రాష్ట్రపతి పాలన. అప్పుడు కూడా రాష్ట్రం విడిపోలేదు. 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది, దాని వెంట చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణగా రాజ్యాంగంలో 371డి అధికరణ. 1969లో అష్టసూత్రాలు, ఆ తర్వాత పంచసూత్రాలు, ఇప్పుడు షట్‌సూత్రాలు. రెండు ప్రాంతాల వాళ్లూ ప్రాణాలిచ్చి అడిగిన దానికి ఢిల్లీ ఇచ్చింది సూత్రాలు. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి. అసలు డిమాండ్‌ను పక్కనపెట్టి, దాని అంచున ఉన్న చిన్నదాన్ని ఇచ్చి వేడి తగ్గించడం ప్రభుత్వాలకు కొట్టినపిండి. 2022లో అగ్నిపథ్ (సైన్యంలో నాలుగేళ్ల కొలువుల పథకం) గొడవకూ ఇదే మందు వేశారు, కిందికి వస్తాను.

విశాఖ ఉక్కు సంగతీ ఇంతే, కాకపోతే అక్కడ చివరికి దక్కింది. 1966 నవంబర్ 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రవ్యాప్తంగా 32 మంది మరణం. ఫ్యాక్టరీ ప్రకటన మాత్రం 1970 ఏప్రిల్ 17న వచ్చింది. మధ్యలో మూడేళ్లకు పైగా గడిచాయి. పగిలిన అద్దాలు అన్నేళ్లు ఎవరికీ గుర్తుండవు. ఆ మూడేళ్లూ నాయకులు ఢిల్లీ మీద పట్టువదలకుండా చేసిన ఒత్తిడే పనిచేసింది.

ఇక జనం సంగతి. ఇక్కడే నాకు కాస్త ఎక్కువ తెలుసు, ఎందుకంటే జనం మర్నాడు పొద్దున చూసేదాన్ని ముందు రోజు రాత్రి ఎంపిక చేసే బల్ల దగ్గర నేను కూర్చున్నాను. రాత్రి ఎడిషన్ మూసే ముందు మొదటి పేజీకి ఫొటో కావాలి. జిల్లా కేంద్రంలో పొద్దుటి నుంచి వేలమంది ఎండలో కూర్చున్నారు, ముసలమ్మలు వంటావార్పు చేశారు, డప్పు కొట్టారు, కలెక్టర్‌కు వినతిపత్రం ఇచ్చారు. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ఓ పదిమంది కుర్రాళ్లు ఆర్టీసీ బస్సుకు నిప్పు పెట్టారు. ఫొటోగ్రాఫర్ రెండూ పంపుతాడు. చర్చ అక్కర్లేదు, బస్సు మొదటి పేజీకి వెళ్తుంది, వంటావార్పు జిల్లా పేజీకి. శీర్షిక "రణరంగం" అనో, "అట్టుడికిన" ఫలానా ఊరు అనో పడుతుంది. ఎందుకోసం కూర్చున్నారన్నది మూడో పేరాలోకి జారిపోతుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు, వార్తల వ్యాపారం అలా నడుస్తుంది. టీవీలొచ్చాక మరీ దారుణం, అదే మంటను రాత్రంతా తిప్పితిప్పి చూపిస్తారు. చూసేవాడికి ఒక్క బస్సు పది బస్సుల్లా కనిపిస్తుంది.

మర్నాడు టీ కొట్టు దగ్గర వినండి. ముందురోజు వరకు "పాపం వాళ్లడిగేదాంట్లో న్యాయం ఉంది" అన్నవాడు ఇప్పుడు "ఆ బస్సులో మనవాళ్లుంటే?" అంటాడు. చర్చ డిమాండ్ మీద నుంచి శాంతిభద్రతల మీదికి మళ్లింది. శాంతిభద్రతల చర్చలో ఎప్పుడూ పైచేయి ప్రభుత్వానిదే, ఎందుకంటే ఆ మైదానం వాళ్లది.

అమెరికాలో ఒమర్ వాసో అనే పరిశోధకుడు 1960ల నల్లజాతి ఉద్యమాల మీద చేసిన పనిలో సరిగ్గా ఇదే కనిపించింది. శాంతియుత నిరసనలు జరిగిన చోట్ల డెమోక్రాట్లకు ఓట్లు పెరిగాయి, హింస జరిగిన చోట్లకు దగ్గర్లో తగ్గాయి. 1968లో నిక్సన్ గెలుపుకు ఆ తేడా తోడ్పడి ఉండొచ్చని ఆయన తేల్చాడు. శాంతియుతంగా నడుస్తున్నవాళ్ల మీద పోలీసులు విరుచుకుపడితే పత్రికలు పౌరహక్కుల గురించి రాశాయి, ఉద్యమకారులే విరుచుకుపడితే అల్లర్ల గురించి రాశాయి. ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ 1900 నుంచి 2006 దాకా పెద్ద ఉద్యమాలను లెక్కగట్టి చెప్పింది మీరు వినే ఉంటారు: అహింసాయుత ఉద్యమాల్లో 53 శాతం గెలిచాయి, సాయుధమైనవాటిలో 26 శాతం. అయితే ఆ లెక్క ప్రభుత్వాలను పడగొట్టడానికో, స్వాతంత్ర్యానికో చేసిన పోరాటాలది. దాన్ని తెచ్చి మన దగ్గరి ఆందోళనలకు అతికిస్తే అతకదు. వాసో చెప్పిందే మనకు ఎక్కువ దగ్గర.

పోలీసులు విరుచుకుపడితే ఏమవుతుందో మనకు అమెరికా దాకా పోనక్కర్లేదు, బషీర్‌బాగ్ ఉంది. 2000 ఆగస్టు 28. కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు, కాంగ్రెస్ చలో అసెంబ్లీ పెట్టాయి. గుర్రాలు, నీటి ఫిరంగులు, లాఠీలు, తర్వాత కాల్పులు. ముగ్గురు చనిపోయారు. ఆ రోజు రాళ్లు పడలేదా? పడ్డాయి. కానీ జనానికి గుర్తుండిపోయింది రాళ్లు కాదు, శవాలు. బిల్లు ఎక్కువొచ్చిందని అడిగితే కాల్చారన్న మాట ఊళ్లలోకి వెళ్లింది. ప్రభుత్వం అప్పటికప్పుడు పడిపోలేదు, సంస్కరణలు మానుకోలేదు. నాలుగేళ్లు పట్టింది. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రాజశేఖరరెడ్డి మొదటి సంతకం పెట్టింది రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీదే. బషీర్‌బాగ్ ఒక్కటే 2004ను తెచ్చిందని నేను అనను, కరువు ఉంది, రైతుల ఆత్మహత్యలు ఉన్నాయి. కానీ కరెంటును ఎన్నికల అంశంగా నిలబెట్టింది ఆ రోజే. 2007 జులై 28న ముదిగొండలో భూమి అడిగినవాళ్ల మీద కాల్పుల్లో ఏడుగురు పోయినప్పుడు, 2010 జులై 14న సోంపేటలో బీల (చిత్తడి) భూముల కోసం నిలబడ్డవాళ్ల మీద కాల్చినప్పుడు కూడా సానుభూతి ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. సోంపేటలో థర్మల్ ప్లాంటు రానేలేదు.

కాబట్టి హింస జరిగిందా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు. ఎవరు చేసినట్టు జనానికి కనిపించింది, ఎవరి మీద జరిగినట్టు కనిపించింది, అదీ ప్రశ్న. ఇది తెలిసిన ప్రభుత్వాలు అందుకే ఉద్యమంలో మొదటి రాయి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తాయి. కొన్నిసార్లు ఎదురుచూడటంతో ఆగవు కూడా.

2011 మార్చి 10న తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ ఈ విషయంలో నాకు బాగా గుర్తున్న రోజు. ముందస్తు అరెస్టులు, బారికేడ్లు, దారులన్నీ మూసినా జనం ట్యాంక్‌బండ్ చేరారు. అది మామూలు విజయం కాదు. అలాంటిది సాయంత్రానికి విగ్రహాలు కూలాయి. కృష్ణదేవరాయలు, అన్నమయ్య అటుంచండి, శ్రీశ్రీ, జాషువా కూడా కూలారు. జాషువా విగ్రహాన్ని కూల్చడమేమిటని తెలంగాణ కోరుకునే దళిత రచయితలే బాధపడ్డారు. మర్నాటి చర్చంతా విగ్రహాల మీదే, అన్ని దిగ్బంధాలు దాటుకుని జనం ఎలా వచ్చారన్న సంగతి మరుగునపడింది. సీమాంధ్రలో అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాళ్లు గట్టిపడ్డారు.

అదే ఏడాది సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె చూడండి. 42 రోజులు. సింగరేణి ఆగింది, ఆర్టీసీ ఆగింది, బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు ఖాళీ అయ్యాయి. బొగ్గు రాక రామగుండంలో కరెంటు ఉత్పత్తి తగ్గింది, కోతలు మొదలయ్యాయి. అప్పుడు ఢిల్లీకి నొప్పి తెలిసింది. ఒక బస్సు కాలితే ఇన్సూరెన్సో, నష్టపరిహారమో చూసుకుంటారు, ఆర్టీసీ మర్నాడు ఇంకో బస్సు వేస్తుంది. అన్ని బస్సులూ డిపోల్లోనే ఉండిపోతే చేయగలిగింది లేదు. ప్రభుత్వాన్ని కదిపేది పని ఆగిపోవడం, మంట కాదు. మీ కాలేజీ మిత్రులు ఈ రెండింటినీ కలిపేస్తున్నారని నా అనుమానం.

ఇదంతా విని "అయితే శాంతియుతంగా చేస్తే గెలుస్తామన్నమాట" అనుకోకండి. 2013లో సమైక్యాంధ్ర కోసం ఎన్జీవోలు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు, జీతాలు వదులుకున్నారు, చాలావరకు క్రమశిక్షణతోనే నడిచింది. మధ్యలో అక్టోబర్‌లో విజయనగరం తగలబడి కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. విభజన సమ్మె వల్లా ఆగలేదు, మంటల వల్లా ఆగలేదు. 2014 ఫిబ్రవరిలో బిల్లు పాసైపోయింది. ఢిల్లీ అప్పటికే ఒక నిర్ణయం తీసేసుకుంది, ఆ ఓట్ల లెక్క వేరేచోట ఉంది.

ఇప్పుడు ప్రభుత్వం స్పందన. మొదటి రెండు మూడు రోజులు ఎలా ఉంటుందో, తర్వాత ఎలా ఉంటుందో విడివిడిగా చూడాలి. అగ్నిపథ్ ప్రకటన 2022 జూన్ 14న వచ్చింది. 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు కుర్రాడొకడు చనిపోయాడు. ఆ ఏడాదికి వయోపరిమితి 23కు పెంచారు, అదీ సికింద్రాబాద్ ఘటనకు ముందు రాత్రే. తర్వాతి రోజు కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ అన్నారు. పథకం మాత్రం అలాగే ఉంది. ఆ వెంటనే సైన్యం తరఫున ఇంకో మాట వచ్చింది: విధ్వంసంలో పాల్గొనలేదని అభ్యర్థి హామీపత్రం ఇవ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. ఏ ఉద్యోగం కోసం వాళ్లు స్టేషన్‌కు వెళ్లారో ఆ తలుపే మూసుకుంది. సీసీ కెమెరాలు, వాట్సాప్ గ్రూపులు చూసి పట్టుకున్నారు. నిన్న తాము పెట్టిన స్టేటస్సే కొందరికి మర్నాడు సాక్ష్యమైంది.

దానికి నెల ముందు, మే 24న అమలాపురం. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టవద్దన్న ఊరేగింపు కాస్తా మంత్రి విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే సతీశ్ ఇంటికి నిప్పు పెట్టేదాకా వెళ్లింది. ఫలితం? సరిగ్గా నెలకు జూన్ 24న మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. ఇళ్లు తగలబెట్టాక ఏ ప్రభుత్వమైనా వెనక్కి తగ్గితే రేపు ప్రతి జిల్లాలో ఇదే జరుగుతుంది కదా, తగ్గదు. పైగా జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ తిరిగారు. పేరు గొడవతో ఏ సంబంధం లేనివాళ్లకు కూడా ఆ రోజు మీద కోపం మిగిలింది.

దెబ్బతిన్న ఉద్యమం తిరిగి లేవగలదా అంటే, లేవగలదు. 2021 జనవరి 26న ఢిల్లీ ఎర్రకోట దగ్గర జరిగిన హింసతో రైతు ఉద్యమం పని అయిపోయిందనే అందరం అనుకున్నాం. సంఘాలు వెంటనే ఆ పని మాది కాదన్నాయి, ఫిబ్రవరి 1న పెట్టుకున్న పార్లమెంట్ మార్చ్ రద్దు చేసుకున్నాయి. జనవరి 28 రాత్రి ఘాజీపూర్‌లో రైతు నాయకుడు టికాయత్ కన్నీళ్లు పెట్టుకోవడం, ఊళ్ల నుంచి ట్రాక్టర్లు తిరిగి రావడం మీరూ టీవీలో చూసే ఉంటారు. నవంబర్ 19న ప్రధాని మూడు వ్యవసాయ చట్టాలూ వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ముందు పంజాబ్, యూపీ ఎన్నికలున్నాయి. ఇక్కడ కీలకం ఏమిటంటే, హింసను తమ ఖాతాలోంచి తీసేయగల నాయకత్వం వాళ్లకుంది. మన దగ్గర చాలా జేఏసీలకు అది ఉండదు. మంట లేచిన రాత్రి ఫోన్లన్నీ స్విచ్చాఫ్, మర్నాడు "అసాంఘిక శక్తుల పని" అని ఒక ప్రకటన. అది ఎవరూ నమ్మరు.

చివరగా మీ స్నేహితులకు ఎవరూ చెప్పని సంగతి. 2016 జనవరి 31న తునిలో కాపులకు రిజర్వేషన్ కోరుతూ పెట్టిన కాపు గర్జన నాడు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. ప్రభుత్వం వారం పది రోజుల్లోనే కాపు నాయకుడు ముద్రగడతో మాట్లాడింది, హామీలిచ్చింది. 2017 డిసెంబర్‌లో అసెంబ్లీ ఐదు శాతం రిజర్వేషన్ బిల్లు పాస్ చేసింది, ఢిల్లీలో ఆగిపోయింది. తర్వాత అగ్రవర్ణ పేదలకిచ్చే ఈబీసీ కోటాలో ఐదు శాతం అన్నారు, 2019లో వచ్చిన ప్రభుత్వం దాన్నీ తీసేసింది. అంటే బండి కాలడం వల్ల చర్చలు వచ్చాయి, రిజర్వేషన్ రాలేదు. కేసులు మాత్రం వచ్చాయి. ప్రజా ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం 1984 కింద నిప్పు పెడితే పదేళ్ల దాకా పడుతుంది. నష్టాన్ని చేసినవాళ్ల దగ్గరే వసూలు చేయాలని సుప్రీంకోర్టు 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కేసులో ప్రతివాది పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే.

కేసు అంటే ఏమిటో జైలుకు వెళ్తేగానీ తెలియదనుకోవద్దు. నెలకో వాయిదా, లాయర్ ఫీజు, అమెరికా సీటు వచ్చాక పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ "నీ మీద ఎఫ్ఐఆర్ ఉంది బాబూ" అనడం. ప్రభుత్వాలు మారినప్పుడు ఉద్యమ కేసులు ఎత్తేస్తూ జీవోలు వస్తాయి, నిజమే. తెలంగాణలోనూ ఎత్తేశారు, తుని కేసులూ రాష్ట్రం ఎత్తేసింది. కానీ రైల్వే చట్టం కేంద్రానిది, ఆ కేసులు రాష్ట్రం చేతిలో ఉండవు. తుని రైలు కేసు ఏడేళ్లకు పైగా నడిచి, 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు కొట్టేసేదాకా నిందితులు తిరుగుతూనే ఉన్నారు. రైల్‌రోకోకు వెళ్లే ముందు మీవాళ్లను ఈ ఒక్క ముక్క అడిగి చూడండి: పట్టాల మీద కూర్చున్న కేసు ఎవరిది, బోగీ కాల్చిన కేసు ఎవరిది, రేపు వాటిని ఎత్తేసే అధికారం ఎవరికుంది అని.